ట్యూబు మెడ విరిచిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో నేను పోగొట్టుకున్నవి లెక్కేస్తే: పిక్చర్ ట్యూబులు పదకొండు, చైనా బోర్డులు ఏడు, కుదిరినట్టే కుదిరి జారిపోయిన పెళ్లి సంబంధం ఒకటి ("రోజు కరెంటుతోని ఆడెటోనికి పిల్లనెట్లిస్తం?" అన్నారట), నా మీద మా నాయినకున్న నమ్మకం మొత్తం. జనగామ పాతసామాన్ల కొట్ల నుంచి చచ్చిన టీవీల ట్యూబులు మహబూబాబాద్‌లోని నా దుకాణానికి తెచ్చి, కొత్త బోర్డులు జతచేసి అమ్మేవాణ్ని. ఎవరూ నేర్పలేదు. ట్యూబు మెడకున్న తీగచుట్ట ఎన్ని ఓములు, బోర్డుకు ఎన్ని కావాలి, రెండూ నోటుబుక్కులో రాసుకుని సరిచూసేవాణ్ని. (నోటుబుక్కులో కలిసిన జతలు ఇళ్లకు చేరగానే విడిపోయేవి. ఒకచోట బొమ్మ తలకిందులుగా వచ్చింది. పాపం, వారంపాటు అలాగే చూశారు.)

డోర్నకల్ దగ్గరి తండాలో ఒక అవ్వకు అలాంటి టీవీయే అమ్మాను. ఉద్యమంలో రోడ్డు మీద పొయ్యి పెట్టి వంటావార్పు చేసిన మనిషి ఆమె. లోక్‌సభలో ప్రత్యేక రాష్ట్రం బిల్లు మీద ఓటింగు రోజు నన్ను పిలిపించి పక్కన కూర్చోబెట్టుకుంది. "పోయినసారి గూడ వచ్చిందన్నరు, పటాకులు గాల్చినం, మల్ల ఎనకకు గుంజుకున్నరు. గీసారి నా కండ్లతోని జూస్తెనే నమ్ముత. నడుమల ఆగదు గద బిడ్డా?"

"ఆగదవ్వా. ఓములన్ని సరిపోయినయి."

మధ్యాహ్నం సభలో గోల మొదలైంది. వాకిట్లో చేరిన తండావాళ్లంతా టీవీ వైపు జరిగారు. అంతలో బొమ్మ మాయమైంది.

"అయిపాయె! గీయన బిగిస్తె గంతే," అన్నారెవరో.

"జర ఛానల్ మార్చి సూడరాదె అన్నా," అంది అవ్వ కోడలు.

"ఛానల్ గాదక్కా, బోర్డే పోయింది," అన్నాను. (నా చేతిపని మీద నాకంత నమ్మకం.) స్విచ్ ఆపి, వెనక డబ్బా విప్పి, ట్యూబు మెడకున్న సాకెట్ లాగాను. రాలేదు. పక్కకు తిప్పాను. టిక్కుమంది. ఆ వెంటనే ఉస్సుమని లోపలికి గాలి పోయింది. ట్యూబు చచ్చింది.

అప్పుడే భూపాలపల్లి నుంచి మా బావ ఫోన్. "సభ టెలికాస్టే బందయిందట, అంతటా గంతే! బిల్లు పాసైందని అన్ని ఛానళ్లల్ల ఏస్తుండ్రు. టీవీ సూడు బావా, సూడు!"

గాజుమెడ ముక్క చేతిలో పట్టుకుని అవ్వకు ఆ మాట చెప్పాను.

"నువ్వు జూసినవా?"

"లేదవ్వా. ఫోన్ల జెప్పిండ్రు."

"పోయినసారి గూడ గట్లనే జెప్పిండ్రు."

పొద్దు గుంకేదాకా ఆ తండాలో ఆమె ఒక్క పటాకు కూడా కాల్చనివ్వలేదు.

నా జీవితంలో అచ్చంగా కుదిరిన జత అదొక్కటే. దాన్నీ నమ్మలేక నేనే విరిచాను. అన్నీ కొలిచి, రిమోట్ మీద ఒక్క బటన్ నొక్కని అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. ఆ వార్త కళ్లారా చూపించాల్సిన బాకీ మాత్రం అలాగే ఉంది. వాకిట్లో కూర్చున్నది ఇరవై ఆరుగురు. టీవీ వెనక తల దూర్చిన నన్నూ కలిపితే, బాకీ ఇరవై ఏడుగురికి.