మార్జిన్‌లో కంట్రోల్ గారు

ఆ పుస్తకాల ప్రచురణ ఆఫీసులో రాతప్రతులు దిద్దే ఆయన్ని అందరూ కంట్రోల్ గారు అనేవాళ్లు. వెక్కిరించడానికి పెట్టిన పేరే అది. ఆయన మాత్రం బిరుదులా మోసుకు తిరిగాడు. ఏ పనైనా కీబోర్డు మీద కంట్రోల్ మీటతోనే కానిచ్చేవాడు, మౌస్ ముట్టుకోవడం ఆయన దృష్టిలో చేతకానితనం. ఫైల్లో మాటల మధ్య రెండేసి ఖాళీలుంటే కంట్రోల్ హెచ్ నొక్కి, చిటికెలో అన్నిటినీ ఒక్కటి చేసేవాడు. షిఫ్ట్ ఎఫ్ ఫైవ్ నొక్కి నిన్న ఆపిన చోటికి ఇవాళ గెంతేవాడు. అంతవరకూ ఒప్పుకోవాల్సిందే. నాలుగు మీటలు తెలిసినంత మాత్రాన కళ్లు నెత్తికెక్కుతాయా అంటే, ఈయనకి ఎక్కాయి.

పక్క సీటావిడ మెనూ తెరిచి, వెతికి, నిదానంగా నొక్కేది. ఆవిడకి మౌసక్క అని పేరు పెట్టాడు. "నువ్వు ఆ మాట వెతికేలోపు నేను భోంచేసి వస్తానక్కా" అనేవాడు. ఆవిడ తన పని తను చేసుకుపోయేది. ఇంట్లోనూ ఇదే తంతు. భార్య ఫోన్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటుంటే పక్కన నిలబడి నిట్టూర్చేవాడు. "ఆ నిట్టూర్పుకి షార్ట్‌కట్ లేదా?" అందావిడ ఒకసారి.

అన్నిటికంటే చులకన రచయితలంటే. దిద్దుతూ దిద్దుతూ మార్జిన్‌లో వ్యాఖ్యలు రాసే వీలుంటుంది కదా, అక్కడ నోరు పారేసుకునేవాడు. పనయ్యాక అవి తెరమీద కనబడకుండా దాచేవాడు. కనబడకపోతే లేనట్టేనని ఆయన లెక్క. అన్ని మీటలు తెలిసిన మనిషికి దాచడానికీ తీసేయడానికీ తేడా తెలీదు. ఇన్నాళ్లూ ఆ ఫైళ్లు అచ్చుకి పేజీలు అమర్చేవాడికే వెళ్లేవి. వాడు నవ్వుకుని తుడిచేసేవాడు.

ఇంతలో చీఫ్ ఎడిటర్ రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ఆ కుర్చీ మీద ఈయనకి ఎప్పట్నుంచో కన్ను. ఓనరు పిలిచి, "మా అత్తగారు తన జీవితకథ రాశారండీ. మీరు దిద్ది ఆవిడకే పంపండి. ఆవిడకి నచ్చితే ఆ కుర్చీ మీదే" అన్నాడు. కంట్రోల్ గారు ఇంటికెళ్లి, ఆఫీసులో తన కొత్త గదికి ఏ రంగు కర్టెన్లు వేయించాలో భార్యకి చెప్పాడు.

పెద్దావిడ రాతని ఆయన చీల్చి చెండాడాడు. 'ఈవిడ వంటింట్లోంచి బయటికొచ్చేదెప్పుడో' అని ఒకచోట. 'మళ్లీ ఆడపడుచు గొడవ, ఎవరికి కావాలి?' అని ఇంకోచోట. తర్వాత అలవాటు ప్రకారం అన్నీ దాచి, తీరిగ్గా కాలరు సర్దుకుని ఫైలు పంపాడు. పెద్దావిడ కంప్యూటర్లో అవన్నీ మార్జిన్ నిండా బారులు తీరి కనబడ్డాయి.

వారం తిరిగాక ఓనరు పిలిచాడు. కూర్చోమనలేదు.

"ఆవిడ తిప్పి పంపిన ఫైల్లో మీ వ్యాఖ్యలన్నీ చూశాను. ఆవిడ మిమ్మల్ని ఒక్క మాటా అనలేదండీ. దిద్దుబాటు బాగుందన్నారు. అందుకే నాకు తల తీసేసినట్టుంది."

కుర్చీ మౌసక్కకిచ్చారు.

కొత్త చీఫ్ మొదటిరోజే ఆ ఫైలు ఆయన ముందు పెట్టింది. "ఈ వ్యాఖ్యలన్నీ తీసేసి ఇవ్వండి, అచ్చుకి పంపాలి."

"అదెంతసేపు మేడమ్, అన్నీ ఒక్కసారే ఎగరగొట్టొచ్చు" అన్నాడు. ఆ మాత్రం బడాయి ఇంకా మిగిలే ఉంది.

"ఒక్కసారి వద్దండి. ప్రతిదాని కిందా పెద్దావిడ జవాబు రాశారు. ఒక్కోటీ చదివి తీసేయండి" అని ఆవిడ తన పనిలో పడిపోయింది.

కంట్రోల్ గారు మౌస్ పట్టుకున్నాడు. వంటింటి దగ్గర, 'నిజమే బాబూ, నాకూ అలాగే అనిపించేది' అని ఉంది. ఆడపడుచు దగ్గర, 'తగ్గించాను, చూడు' అని ఉంది. ఎక్కడా ఒక్క పరుషమైన మాట లేదు. అలా ఒక్కోటీ తీసేస్తూ పెద్దావిడ మొదటి బిడ్డ పోయిన పేజీకి వచ్చాడు. ఆ మార్జిన్‌లో తను రాసింది: 'ఏడుపు ఎక్కువైంది. సగం కొయ్యాలి.'

కింద ఆవిడ రాసింది: 'ఏ సగమో చెప్పు నాయనా, కోసేస్తాను.'