మాల వేయిస్తే మానేస్తాడట

మా వైపు ఎవరికి ఏ వ్యసనం పట్టుకున్నా వైద్యం ఒకటే, మాల వేయించడం. తాగుబోతుకీ అదే, పేకాటరాయుడికీ అదే, నాలాంటి బిళ్లల మనిషికీ అదే. స్వామి మీద నాకేం కోపం లేదు. ఆయన పేరు చెప్పి మెడలో మాల పడేసి, చేతులు దులుపుకునే పెద్దమనుషులంటేనే ఒళ్లు మంట.

కలిదిండి చెరువుల్లో నేనూ, నా జతగాడూ పదేళ్లు వలలు లాగాం. ఇద్దరికీ నడుములు పట్టేస్తే మందుల షాపువాడు ఒక నొప్పి బిళ్ల ఇచ్చాడు. వాడు డాక్టరు చీటీ అడగలేదు, మేమూ చూపించలేదు. మొదట నొప్పికి వేసుకున్నాం, తర్వాత పనికి, ఆ తర్వాత మంచం దిగడానికి. అదీ మా ఘనకార్యం. వేసుకోని పూట ముక్కు కారేది, కడుపు మెలిపెట్టేది, ఎముకలు పిండుతున్నట్టుండేది.

సంగతి తెలిసి మా అక్క మొగుడు నాకు మాల వేయించాడు. బావ ఏటా నలభై ఒక్క రోజులు సీసా ముట్టడు. నలభై రెండో రోజు మధ్యాహ్నానికి ఆయన్ని ఇద్దరు పట్టుకుని ఇంటికి తేవాలి. అలాంటివాడు నాకు నిగ్రహం నేర్పించాడు. మూడో రోజుకి నాకు వాంతులు, విరేచనాలు. "స్వామి పరీక్ష పెడుతున్నారు, ఓర్చుకో" అన్నాడు. నాలుగో రోజు మాల తీసేసి షాపు ముందు నిలబడ్డాను. ఊరంతా ఛీ అంది, నన్ను నేను అంతకంటే పెద్ద మాటే అనుకున్నాను.

వట్లూరు దాటాక మాన్పించే సెంటరేదో ఉందంటే వెళ్ళాను. బల్ల వెనక ఆయన తలెత్తకుండానే, "రోజుకి ఎన్ని క్వార్టర్లండి?" అన్నారు. తాగనండి, బిళ్లలండి అన్నాను. "అందరూ అలాగే అంటారండి" అని ఫారంలో మద్యం అని రాసుకున్నారు. అంత మర్యాదగా నా మాట పెడచెవిన పెట్టినవాళ్లు లేరు.

చివరికి ఏలూరులో ఒక డాక్టరమ్మ చెప్పారు. "ఈ బిళ్లలు మానడానికి మెథడోన్ అని మందుందండి. రోజూ వెళ్ళి నర్సు ముందే తాగాలి. దగ్గర్లో లేదు, రైలెక్కాలి." తెల్లవారుజామున బస్సు, ఆ తర్వాత రైలు, అక్కడ చిన్న కప్పులో సిరప్పు, మధ్యాహ్నానికి మళ్ళీ చెరువు గట్టు. కొన్ని వారాలకి అన్నం సయించింది. బావకి తెలిసి, "ఒక మత్తు మాని ఇంకో మత్తా?" అన్నాడు. బీపీ బిళ్ల మింగుతూ అన్నాడు లెండి. ఇంకెవరికీ నిజం చెప్పలేదు. నడుముకి కరెంటు పెట్టించుకుంటున్నానని జతగాడితో కూడా అబద్ధమాడాను.

ఆ కార్తీకంలో బావ అతనికీ మాల వేయించాడు. ఎలా ఓర్చుకున్నాడో గానీ నలభై ఒక్క రోజులూ నిలబడ్డాడు. ఊరు అతన్ని మెచ్చుకుని నా వంక చూసింది. మాల తీసిన మర్నాడు, మునుపు ఎన్ని వేసుకునేవాడో అన్ని బిళ్లలూ వేసుకున్నాడు. కొన్నాళ్లు మానితే ఒళ్లు అంత మోతాదు తట్టుకోలేదని, ప్రాణం పోతుందని నర్సు నాకు మొదటి రోజే చెప్పింది. అతనికి చెప్పినవాళ్లు లేరు. సాయంత్రం చేపలకి మేత వేసేవాళ్లు వెళ్ళేసరికి గట్టు మీది షెడ్డులో చచ్చిపడి ఉన్నాడు.

శవం దగ్గర బావ, "పోతే పోయాడు గానీ నిష్ఠగా ఉన్నాడు. నీకదీ చేతకాలేదు" అన్నాడు. మొహాన ఉమ్మెయ్యాలనిపించింది.

పదకొండో రోజున అతని భార్య నన్ను పక్కకి పిలిచింది.

"అన్నయ్యగారూ, ఆ కరెంటుతో మీకు నడుం నొప్పి తగ్గి బిళ్లలు కూడా మానేశారు కదండీ. ఆయన్నీ తీసుకెళ్ళమని అడుగుదామనుకున్నానండి. మీకు ఇబ్బందేమోనని ఊరుకున్నాను."

అది కరెంటు కాదమ్మా, మందు అన్నాను. సిగ్గుతో నేలచూపులు చూస్తూ దాని పేరు చెప్పాను. ఆవిడ ఆ పేరు ఒకసారి నెమ్మదిగా పలికి చూసుకుంది.

"ఇంతేనా అండి, మీరు ఆయనకి చెప్పాల్సింది" అంది.