పొట్టి కొక్కెం

మా చిన్నబ్బాయి ఇల్లు ఊరి అంచున తిఫ్రాలో, లారీలు తిరిగే రోడ్డు పక్కనే ఉంది. ఎదురుగా వెల్డింగు షాపు. ట్రాక్టరు ట్రాలీలకి ఇనప జాలీ పక్కలు, వెనక గేట్లు బిగించడం వాళ్ళ పని. మధ్యాహ్నానికి ఎర్ర రంగు పూత మొదలవుతుంది, ఆ వాసన తిన్నగా నా కంచం దగ్గరికే వస్తుంది. "కిటికీ బంద్ చేసీనా అత్తా?" అంటుంది కోడలు. వాసనతో నాకు పేచీ లేదు. పని ముగిశాక మిస్త్రీ గేటు మూసి, కొక్కెం తగిలించి, రెండు చేతులా పట్టుకుని ఊపుతాడు చూడండి, ఆ ఠంగుమనే చప్పుడు వింటేనే నాకు ముద్ద దిగదు.

నా చిన్నతనమంతా ఈ ఊళ్ళోనే, తార్‌బహార్‌లో రైల్వే క్వార్టర్లో గడిచింది. తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలు వేసే పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు, నాన్న షెడ్డులో ఫిట్టరయ్యాడు. వానాకాలం వచ్చిందంటే ఆరని బట్టల మీద ఇంజను మసి, గోడలకి చెమ్మ, పొయ్యిలో తడి బొగ్గు పొగ, ఆ పొగలోనే ఉలవచారు మరిగే వాసన. పోలాల అమావాస్యనాడు అమ్మ కంద మొక్కకి పూజ చేసి బూరెలు వండేది, అదే రోజు మా పాలావిడకి పోలా, ఎడ్ల పండగ, ఆవిడ శనగపిండి ఠెఠరీలు, బెల్లం ఖుర్మీలు కొంగున మూటగట్టి తెచ్చి బూరెలు పట్టుకుపోయేది, మేమంతా చక్రాల మట్టి ఎడ్లకి తాడు కట్టి, బురదలో క్వార్టర్ల లైను చివరిదాకా లాక్కుంటూ పోయేవాళ్ళం. నాన్నకి కొలత పిచ్చి. గోడకి మేకు కొట్టాలన్నా ముందు సుద్దతో గీత గియ్యాలి. అమ్మ తరిగిన వంకాయ ముక్కలు చూసి, "రెండు ముక్కలు ఒక్కలా నేవు" అనేవాడు. "అయితే మీ షెడ్డుకే అట్టుకెల్లి కోసుకోండి" అనేది అమ్మ.

ఇంజన్ల బూడిద పోసే గుట్ట మీద వెచ్చదనానికి కుక్కలు ఈనేవి. అక్కణ్ణుంచి నేను గౌను ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన పిల్లే బుగ్గి. ఎన్నిసార్లు కడిగినా బూడిద రంగు పోలేదు, అది దాని సొంత రంగేనని తేలేసరికి ఆ పేరు స్థిరపడిపోయింది. అమ్మ మొదట్లో గడప తొక్కనిచ్చేది కాదు. తర్వాత్తర్వాత నాకన్నా ముందు దానికే చద్దన్నం పెట్టేది.

యుద్ధం రోజులు. ఆ ఏడు ఒక గ్యాంగుమన్ కొడుకు పిచ్చికుక్క కరిచి చచ్చిపోయాడు. ఆ పిల్లాడి తల్లి ఏడుపు మా లైనుదాకా వినిపించింది. వారం తిరక్కుండా, వీధికుక్కల్ని పట్టి అర్పా ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి చంపాలని ఆర్డరు వచ్చింది. చెత్త లాగే తోపుడు బండికి జాలీ పక్కలు, గేటు కట్టాలి. షెడ్డులో యుద్ధం పనులతో ఊపిరి సలపడం లేదు కాబట్టి శానిటరీ ఇనస్పెక్టరు గారు బండిని మా పెరట్లోకే తోయించారు. "ఈ పని నాకే దొరకాల" అన్నాడు నాన్న.

రెండు ఆదివారాలు పట్టింది. కొలిమిలో రివిట్లు ఎర్రగా కాల్చి ఒక్కొక్కటే చట్రానికి దిగ్గొట్టాడు. జాలీని కోడిగుడ్డు పట్టనంత సన్న కన్నుది ఏరి తెచ్చాడు. తెగిన తీగ కొసలన్నీ బయటికి వంచి, పైన ఇనప పట్టీ వేశాడు. లోపలికి వంచితే గీసుకుంటాయట. చావబోయే వాటికి గీతలు పడితేనేం అని నాకు అప్పుడు తోచలేదు, ఇప్పుడు తోస్తుంది. గేటు దించితే నేలకి ఆనుతుంది, కుక్క నడిచి ఎక్కొచ్చు. పైకెత్తి కొక్కెం తగిలిస్తే మూసుకుంటుంది. అవిసె నూనెలో కలిపిన ఎర్ర రంగు వేసి, ఆరేదాకా వారం రోజులు పెరట్లోనే ఉంచాడు.

అంత పనిమంతుడు చేసిన బండిలో ఒక్క తప్పు నా కంటపడింది. కొక్కెం కొన రింగు అంచుమీదే ఆగింది, లోపలికి పూర్తిగా దిగలేదు. ఎనిమిదేళ్ళ దాన్ని, నాన్న కొలత తప్పాడంటే నాకే తలవంపులుగా ఉంది. "కొక్కెం పొట్టిగుందేటి నాన్నా?" అన్నాను. నాన్న కొలిమి కేసే చూస్తూ, "ఉండనీ గుంటా. ఎవుల్తోటీ అనకు" అన్నాడు.

బండి ముట్టుకోవద్దని కూడా అన్నాడు. ఆ మాట వినలేదు. నాన్న డ్యూటీకి పోవడమే ఆలస్యం, గేటు దించి లోపల చద్దన్నం ముద్ద పెట్టేదాన్ని, బుగ్గి ఎక్కేది, గేటు మూసేదాన్ని, ఠంగుమనేది. రెండోనాటికల్లా ఆ చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి గేటు ముందు నిలబడేది. కాకపోతే తెరవగానే ఉరికేది. ఒకసారి ఆరని రంగు ఒళ్ళంతా పూసుకుని ఇంట్లో జొరబడితే అమ్మ చీపురు తీసింది. అందుకని, గేటు బార్లా తెరిచినా నేను "వచ్చెయ్" అనేదాకా కదలకుండా కూర్చోవడం నేర్పాను. మూడు రోజుల్లో నేర్చేసుకుంది. అంత తెలివైన కుక్క కాలనీలో లేదని నాకు మహా గొప్పగా ఉండేది, నాన్నకి చెబితే వీపు విమానం మోత మోగుతుందన్న భయంతో మాత్రం చెప్పలేదు.

పెంపుడు కుక్కల్ని ఇళ్ళల్లో కట్టుకోమని చాటింపు వేశారు. ఆ పొద్దున బుగ్గిని వసారా గుంజకి నేనే కట్టి బడికెళ్ళాను. అమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళింది. బండి మా లైనులోకి వచ్చింది. వేరే కుక్కని ఎక్కించి గేటు మూసి ఉంటారు, ఠంగుమని ఉంటుంది. అమ్మ బిందెతో తిరిగొచ్చేసరికి గుంజకి తెగిన తాడు వేలాడుతోంది.

సాయంత్రం నాన్న డ్యూటీ బట్టలతోనే నన్ను వెంటబెట్టుకుని, ఆ బండి తిప్పే జమాదారు ఇంటికి వెళ్ళాడు. బండి వాకిట్లోనే ఉంది, కడిగి ఉంది. ఆ ముసలాయన చెడ్డవాడు కాదు, నాన్న ముఖం చూసి లేచి నిలబడ్డాడు. తన ఛత్తీస్‌గఢీలో నెమ్మదిగా చెప్పాడు. బూడిద రంగు కుక్క తనంతట తనే వచ్చి గేటు ముందు నిలబడిందట, ఉచ్చు కూడా వెయ్యక్కర్లేకపోయిందట. రైలు గేటు దగ్గర పట్టాలు దాటేటప్పుడు బండి ఎగిరిపడి, కొక్కెం ఊడి గేటు పడిపోయిందట. మిగతా కుక్కలన్నీ దూకి తలోదిక్కూ పారిపోయాయి. అదొక్కటే లోపల కూర్చుని ఉందట, దాన్నే ఒడ్డుకి తీసుకెళ్ళారట. "బనే కుకుర్ రహిస్" అన్నాడు. మంచి కుక్క, అని.

తిరిగొస్తూ నాన్న ఆ పట్టాల దగ్గర ఆగాడు. "అన్నీ దూకినాయి. అదెందుకు దూకనేదో ఏటో" అన్నాడు, నాతో కాదు. కొక్కెం ఎందుకు పొట్టిగా ఉందో నాకు అప్పుడు అర్థమైంది. బుగ్గి ఎందుకు దూకలేదో కూడా అర్థమైంది. తల వంచుకుని పట్టాలు దాటాను.

తర్వాతి ఆదివారం బండి మళ్ళీ మా పెరట్లోకి వచ్చింది, కొక్కెం సరిచెయ్యమని. నాన్న సుద్దతో గీత గీసి, సరిగ్గా కొలిచి చేశాడు. ఆ తర్వాత ఆ బండిలోంచి ఏ కుక్కా దూకలేదు.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. బూడిద గుట్ట లేదు, పొగ ఇంజన్లే లేవు. పాలావిడ ఠెఠరీల కోసం ఊరంతా వెతికించాను, కొట్లో కొన్నవాటికి ఆ రుచి రాలేదు. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. పెద్దతనంలో మాటలు తడబడుతున్నప్పుడు కూడా ఎప్పుడో ఒకసారి, "ఆ బుగ్గి ఎందుకు దూకనేదే?" అని అడిగేవాడు. నేను పక్కదుప్పటి సర్దుతూ, "ఏమో నాన్నా" అనేదాన్ని.

ఎదురు షాపు మిస్త్రీని పిలిచి, ఆ కొక్కెం కాస్త పొట్టిగా పెట్టు నాయనా, అని చెప్పాలనిపిస్తుంది. ఆ ట్రాలీలో వెళ్ళేవి ఇటుకలో, బస్తాలో నాకు తెలీదు. ఈ ముసల్దానికి మతిపోయిందనుకుంటాడు. కోడలు వంటింట్లోకి వెళ్ళాక, గేటు చప్పుడైనప్పుడల్లా "వచ్చెయ్" అంటాను, గట్టిగానే అంటాను. ఆ రోజు అనాల్సింది ఈ ఒక్క మాటే, అప్పుడు నేను బడిలో ఎక్కాలు చదువుతున్నాను.