రాజేశ్వరి టీచర్‌తో నడిచిన దారి

వనపర్తిలో నేను అద్దెకుండే ఇంటి కింద ఒక నూనె గానుగ ఉంది. పొద్దున్నే పల్లీలు ఆడటం మొదలుపెడితే వేడి నూనె వాసన మెట్లెక్కి మా గది దాకా వస్తుంది. పక్కింటివాళ్లు విసుక్కుంటారు. నాకు మాత్రం ఎడమ పిక్క మీద రాజేశ్వరి టీచర్ బొటనవేలు నొక్కినట్టే ఉంటుంది. ఆమె ఎవరో మీకు తెలియదు. కాళ్లూ చేతులూ సరిగా ఆడని పిల్లలున్న బడులన్నీ తిరిగి, వాళ్లకు వ్యాయామం నేర్పే ప్రత్యేక ఉపాధ్యాయురాలు ఆమె. ధరూర్ పక్కన మా ఊరికి ప్రతి బుధవారం స్కూటీ మీద వచ్చేవారు.

పుట్టుకతోనే నా ఎడమ కాలు సన్నం, కాస్త పొట్టి కూడా. అడుగు వేయాలంటే చేత్తో తొడను నొక్కిపట్టుకోవాలి. టీచర్ రాకముందు మా అమ్మే నన్ను చంకనెత్తుకుని ఊళ్లో బడికి తీసుకెళ్లేది. టీచర్ పల్లినూనె వేడిచేసి రాసి, గోడ పట్టించి నిలబెట్టి, రెండేళ్లు నాతో కుస్తీ పట్టారు. తొడ మీద చెయ్యి తీసేసి నేను నాలుగడుగులు వేసిన రోజున వరండా అంతా చప్పట్లతో మోగించారు. ఆ చప్పట్లంటే నాకు ప్రాణం. ఇంటికెళ్లాక కాలు పీకి ప్రాణం తీసినా, మళ్లీ బుధవారానికి పళ్లు బిగించి నడిచి చూపించేదాన్ని. నొప్పి సంగతి ఎవరికీ చెప్పేదాన్ని కాదు. మొండిఘటాన్ని.

ఏడో తరగతి అయ్యాక చిక్కొచ్చిపడింది. హైస్కూలు నాలుగు కిలోమీటర్ల దూరం. అమ్మా నాన్నా ఇద్దరూ తెల్లారితే పత్తి చేలకు కూలికి పోవాలి, నన్ను దింపి రావడానికి ఎవరూ లేరు. చదివింది చాల్లే అన్నాడు నాన్న, కోపంగా కాదు, తల వంచుకుని. టీచర్ ఒప్పుకోలేదు. నడవలేని పిల్లల ప్రయాణానికి సర్కారు సాయం చేస్తుందని, ఊళ్లోంచి వెళ్లే ఆటోలో నన్ను రోజూ పంపవచ్చని నచ్చజెప్పారు. అయితే దానికి గద్వాల దవాఖానలో డాక్టర్లు నా వైకల్యం ఎంత శాతమో రాసిన సర్టిఫికెట్ కావాలి. ఆ శాతం తగినంత ఉంటేనే సాయం.

ఆ రోజు అమ్మ నాకు ఉన్నవాటిలో మంచి లంగా కట్టి, రెండు జడలు వేసింది. పెద్ద డాక్టర్ల ముందు పరువు పోకూడదని ఆమె తాపత్రయం. నాకేమో అదొక పరీక్షలా తోచింది. పరీక్ష అంటే బాగా చెయ్యాలి కదా. పైగా తలుపు దగ్గర టీచర్ నిలబడి చూస్తున్నారు. డాక్టర్ గారు నడవమనగానే ఊపిరి బిగబట్టి, తొడ మీద చెయ్యి వెయ్యకుండా, ఆ గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేశాను. నొప్పి ఉందా అని అడిగితే లేదన్నాను. అంత చక్కగా నేను అంతకుముందెప్పుడూ నడవలేదు. గర్వంగా వెనక్కి తిరిగి చూస్తే టీచర్ ముఖం పాలిపోయి ఉంది. సాయానికి సరిపడా శాతం రాలేదు.

బయట మెట్ల మీద అమ్మ తల పట్టుకుని కూలబడింది. బాగా నడిచినందుకే నా చదువు ఆగిపోయిందని అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు. టీచర్ తిడతారనుకున్నాను. ఆమె నాకంటే కింది మెట్టు మీద కూర్చుని నా కాలు ఒళ్లోకి తీసుకున్నారు.

"తప్పు నాదే బిడ్డా. నువ్వు నడుస్తుంటే సప్పట్లు కొడితి. నొస్తదా అని ఒక్కనాడన్న అడగకపోతి."

పెద్దవాళ్లు చిన్నపిల్ల దగ్గర తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. రెండేళ్లుగా దాచిందంతా ఏడుపై బయటికొచ్చింది. ఎక్కడెక్కడ నొస్తుందో వేలుపెట్టి చూపించాను.

ఆ ఆదివారం ఆమె మా ఊరొచ్చి నన్ను హైస్కూలు దాకా నడిపించుకుని వెళ్లారు. నొప్పి పుట్టిన చోటల్లా కూర్చోమన్నారు. నేను పదకొండుసార్లు కూర్చున్నాను. చీర దుమ్ము కొట్టుకుపోతున్నా పదకొండుసార్లూ నా పక్కనే ఆమె కూడా కూర్చున్నారు. తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగి, నన్ను మళ్లీ పరీక్షించేలా చేశారు. రెండోసారి మాత్రం ఆమె లోపలికి రాలేదు.

"నన్ను జూసి నడువకు," అన్నారు తలుపు దగ్గరే ఆగి. "నీ కాలు చెప్పినట్టు నడువు."

తొడ మీద చెయ్యి వేసుకుని, వంగి, నాకు వచ్చినట్టే నడిచాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. డాక్టర్ గారు మళ్లీ అదే ప్రశ్న అడిగారు.

"నొస్తది సార్. బడి దాంక పోవాలంటే పదకొండుసార్లు కూసుంట."

ఆయన రాస్తున్న కలం పక్కన పెట్టి, ఈసారి నన్ను బల్ల మీద పడుకోబెట్టి రెండు కాళ్లూ టేపుతో కొలిచారు. సర్టిఫికెట్ వచ్చింది. ఎనిమిదో తరగతి మొదలైన కొన్నాళ్లకు ఆటో మా గడప ముందు ఆగింది. నా సంచీ లోపల పెట్టి, ఆటో మలుపు తిరిగేదాకా నాన్న కూలికి కదల్లేదట.

ఇలా రాస్తున్నానని టీచర్ పోయారనుకోకండి. రిటైరై పెద్దమందడిలో ఉన్నారు, ఫోన్ చేస్తే వ్యాయామం మానేశావా అని ఇప్పటికీ దులిపేస్తారు. నేనూ బడిపంతులమ్మనే అయ్యాను. బాగా చేసిన పిల్లలకు చప్పట్లు కొడతాను, కొట్టకుండా ఉండలేను. కొట్టాక మాత్రం పక్కన కూర్చుని, ఎక్కడైనా కష్టంగా ఉందా అని అడుగుతాను. చాలామంది వెంటనే లేదంటారు. నేను లేవను.