బావ పెట్టని సంతకం

మొన్న అజ్మాన్‌లో పంక్చర్ షాపతను నా కారు చక్రం బిగిస్తూ, ఒక నట్టు తర్వాత దానికి ఎదురుగా ఉన్న నట్టు పట్టుకోవడం చూసి నవ్వొచ్చింది. ఈ పద్ధతి కోసం ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఉన్నాడు, మా అక్క మొగుడు. నన్ను దుబాయ్‌కి తెచ్చింది ఆ బావే. గదిలో ఉంటే చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకునేవాడు కాదు, ఒక కొస ఎప్పుడూ కిందికి వేలాడేది. పైపుల దగ్గరికొస్తే మాత్రం వేరే మనిషి.

కరోనా తగ్గాక వచ్చిన ఎండాకాలంలో ఉమ్ అల్ క్వైన్‌లోని ఒక ఫ్యాక్టరీలో ఆవిరి పైపుల పని చేస్తున్నాం. పైపుల చివర్లలో ఉండే గుండ్రటి ఇనుప ఫ్లాంజిల మధ్య ఆవిరి కారకుండా ఆపే గాస్కెట్ రింగు పెట్టి, పదహారు బోల్టులతో బిగించాలి. ఒక జాయింటును వేరేవాళ్లు గాలి గన్నుతో, పక్కపక్క బోల్టులనే వరసగా బిగించుకుంటూ పోయారు. నీళ్లు నింపి టెస్టు కూడా చేసేశారు. జాయింటుకు కట్టిన ట్యాగు మీద బావ సంతకం పెడితే ఆవిరి వదులుతారు. బావ ఫ్లాంజిల సందులో కొలత రేకు పెట్టి చుట్టూ తిప్పాడు. ఒకవైపు సులువుగా దూరిన రేకు, రెండోవైపు అసలు దూరలేదు, బిగింపు సమంగా లేదన్నమాట.

"టెస్ట్ పాస్ హోగయా. సైన్ కరో, ఖలాస్," అన్నాడు ముదీర్, అంటే మా మేనేజరు.

నీళ్లకు ఆగింది కానీ ఆవిరికి ఆగదని, దీని కిందనుంచే మనుషులు నడుస్తారని బావ హిందీలో చెప్పాడు. రేపే ఇండియా టికెట్ కొట్టిస్తానన్నాడు ముదీర్. కొట్టించుకో, సంతకం మాత్రం నాది అంటూ బావ ట్యాగును జేబులో పెట్టుకుని నావైపు తిరిగాడు.

"బామ్మర్దీ, పైపుల నీళ్లు ఖాళీ అయినయా సూడు. పానా పట్టు."

"బావా, నా వీసా గూడ ఈయన చేతులనే ఉన్నది."

"నీ వీసా, దీని కింద నడిచేటోని పానం కన్నా పెద్దదా?"

పానా పట్టాను. విప్పి చూస్తే గాస్కెట్ ఒకవైపు చపాతీలా పలచబడింది, రెండోవైపు కొత్తదానిలాగే ఉంది. ముదీర్ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. కొత్త గాస్కెట్ పెట్టి, మరలకు గ్రీజు రాసి, బోల్టులకు సుద్దతో నంబర్లు వేశాం. ఎదురెదురు బోల్టులను బిగువు కొలిచే టార్క్ రెంచితో మొదట మూడోవంతు, తర్వాత రెండు వంతులు, ఆపైన పూర్తిగా బిగించి, ఆఖరున చుట్టూ ఒకసారి చూసుకున్నాం. ఎండలో నాలుగు గంటలు. "యల్లా, యల్లా" అని ముదీర్ అరుస్తూనే ఉన్నాడు, బావ చెయ్యి తొందరపడలేదు. మళ్లీ టెస్టు చేశారు. ఆవిరి వదిలారు. పిసరంత కూడా బయటికి రాలేదు.

పైనెలలో బావ కాంట్రాక్టు పొడిగించలేదు. మాట వినడట.

బావ వెళ్లిన రెండు వారాలకు ఇంకో జాయింటు దగ్గర ముదీర్ ట్యాగు నా ముందు పెట్టి, మీ బావ వెళ్లిపోయాడుగా, ఇక సంతకం నువ్వే పెట్టమన్నాడు. సందులో రేకు తిప్పి చూశాను. ఇక్కడా ఒకవైపే దూరింది. "ఖోల్నా పడేగా సాబ్," అన్నాను. విప్పాల్సిందే. ముదీర్ నన్ను ఎగాదిగా చూసి, కొత్త గాస్కెట్ తెమ్మని స్టోరుకు మనిషిని పంపాడు.

ఈ దేశంలో నా కాలమంతా ఎవరో ఒకరు చెప్పినట్టే గడిచింది. ఎవరూ చెప్పకుండా మేం తీసుకున్న ఆ నాలుగు గంటలు మాత్రం మావి.