చెవుల శాస్త్రం, చేని తాంబూలం

దొంగల విషయంలో నా అంత తెలివితక్కువవాడు ఆత్మకూరు తాలూకాలో మరొకడు లేడు. అందుకు దొంగలే సాక్ష్యం. యాభైల మొదట్లో మద్రాసులో నేరశాస్త్రం చదువుకుని ప్రొబేషన్ ఆఫీసరుగా వచ్చాను. తొలి తప్పు చేసినవాణ్ణి జైలుకు పంపాలా, ఏడాది నా కనుసన్నల్లో వదలాలా అని విచారించి మేజిస్ట్రేటుకు చెప్పడం నా పని. పుట్టుదొంగను చెవులూ నుదురూ చూసి పట్టేయవచ్చని పుస్తకంలో ఉంటే నమ్మేశాను.

నా తొలి కేసు ఉదయగిరి కొండకింది పల్లె పడుచువాడు. మేకను తోలుకుపోతూ దొరికాడు. అతని కులం మొత్తాన్నీ దొంగలని తెల్లదొరలు చట్టం చేసి జాబితాకెక్కించారు. ఆ చట్టం పోయినా ముద్ర పోలేదు. దర్జీ దగ్గర టేపు అడిగి తీసుకుని వెళ్ళి, వాళ్ళ వాకిట్లో అతని తల కొలుస్తుంటే వాళ్ళవ్వ అడిగింది:

"ఏంది నాయనా, టోపీ కుట్టిస్తావా? జైల్లో వాళ్ళే ఇస్తారంట గదా."

లెక్క ప్రకారం అతను పుట్టుదొంగే. బసకు వచ్చి అద్దం ముందు నా తల కొలుచుకున్నాను. ఆ కొలతల్లో నేను అతనికి అన్న వరస. టేపు దర్జీకిచ్చేసి పుస్తకంలో మరో అధ్యాయం తిరగేశాను: చేతికి పనీ, నమ్మే మనుషులూ ఉంటే మనిషి దారి తప్పడని. అదే మేజిస్ట్రేటుకు విన్నవించాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, పని దొరక్కపోయినా, మళ్ళీ తప్పు చేసినా జైలేనన్నారు.

"సిద్ధాంతాలు చదివినారు గదా, సిద్ధాంతి గారూ," అన్నారు ఎస్సై గారు బయట. "వాడు మళ్ళా లోపలికొచ్చే ముహూర్తం గూడా మీరే పెట్టండి."

అనంతసాగరం దగ్గర ఒక రైతు చెనిక్కాయల చేనికి కావలి కావాలన్నాడని తెలిసి, కోర్టు ఉత్తర్వు పట్టుకుని పరుగెత్తాను. "ఈ కాగితం చూసి దొంగలు ఆగుతారా సామీ?" అన్నాడు రైతు. ఆ మాట అవ్వకు చెబితే నవ్వింది.

"కాగితమేంది నాయనా. చేని గట్టు మీద, మా పెద్దోళ్ళ ముందర, వాడి చేతిలో తాంబూలం పెట్టమను. ఇంక ఆ చేలో మావోళ్ళెవరూ కాలు పెట్టరు. పెడితే మాకే తలవంపు."

పుస్తకంలో ఈ అధ్యాయం లేదు. రైతు సగం మనసుతోనే తాంబూలమిచ్చాడు. ఆ పంటలో అడవిపందులు తిన్నవి తప్ప ఒక్క కాయ పోలేదు. ఇక కావలి కావాలన్నవాళ్ళందరికీ అతనే కావాలి. ఎండాకాలంలో ఎస్సై గారి క్వార్టర్సు వెనక దోసపాదుల్లో కాయలు మాయమవుతుంటే, ఆయన మఫ్టీలో మా ఇంటికి వచ్చి అతన్ని కావలికి పంపమని అడిగారు. పంపాను. తాంబూలం ఆయన చేత్తోనే పెట్టాలని కూడా చెప్పే పంపాను.

ఏడాది తిరిగింది. నా కనుసన్నల నుంచి అతన్ని విడుదల చేసే ముందు, ఇతని నడవడి గురించి ఎవరైనా చెబుతారా అని మేజిస్ట్రేటు అడిగారు. చెప్పవలసింది నేనే.

"ఎస్సై గారు చెబుతారండీ," అన్నాను.

ఆయన నావైపొక చూపు విసిరి, లేచి, నేలచూపులతో గొణిగారు. "మంచోడేనండీ. నమ్మొచ్చు."

"వినపళ్ళా నాయనా, రవ్వంత గట్టిగా చెప్పు," అంది వెనక నుంచి అవ్వ.

నాకు శుభ్రంగా వినపడింది. అయినా నాకూ వినపడలేదన్నాను.