వెర్నా చొక్కా

కాన్సాస్‌లోని ఓ చిన్న ఊళ్ళో స్కూలు బస్సు నడిపే వెర్నా, యాభై రెండో ఏట విమానం నడపడం నేర్చుకోవడానికి చేరింది. పైకి లేపడం పది రోజుల్లోనే పట్టుబడింది. కిందికి దించడమే రాలేదు. చక్రాలు నేలకి జానెడు ఎత్తులో ఉండగానే, పక్కసీట్లో కూర్చుని నేర్పే డేల్ గబుక్కున తన వైపున్న రెండో స్టీరింగు అందుకుని తనే దించేసేవాడు. "ఇది బస్సు కాదమ్మా, సుతారంగా దించాలి," అని రోజూ అదే పాట.

ఆరు వారాలపాటు ప్రతి సాయంత్రం తన చేతకానితనాన్ని తిట్టుకుంటూ, మానేద్దామనుకుంటూ ఇంటికెళ్ళేది. మర్నాడు మళ్ళీ వచ్చేది. ఓ పొద్దున బస్సు తోలుతుండగా ఆమెకి తట్టింది. ఒక్కసారైనా తనని దించనిస్తే కదా, రాలేదనడానికి! ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళ తిట్లూ పడాల్సింది తనకి కాదు, వాడికి!

ఆ రోజు రన్‌వే దగ్గరపడుతుంటే డేల్ చెయ్యి కదిలింది.

"చేతులు తొడల కింద పెట్టుకో! బయటికి తీశావంటే ఊరుకోను!" అని అరిచింది వెర్నా.

బిత్తరపోయి పెట్టుకున్నాడు. విమానం నేలమీద రెండు గెంతులు వేసింది, అయినా దిగింది. నాలుగోసారికి మెత్తగా వాలింది. డేల్ తలుపు తీసుకుని దిగి, "ఇక ఒక్కదానివే వెళ్ళు," అన్నాడు.

ఆమె మూడు చుట్లు కొట్టి వచ్చేసరికి కత్తెర పట్టుకుని ఎదురొచ్చాడు. తొలిసారి ఒంటరిగా ఎగిరినవాళ్ళ చొక్కా వెనకభాగం కత్తిరించి గోడకి తగిలించడం అక్కడి ఆనవాయితీ.

వెర్నా వెనక్కి తిరగలేదు.

"నీ చొక్కా కత్తిరించుకో డేల్. ఇవాళ నేర్చుకున్నది నువ్వు," అంది.